1248 సీసీ డీజిల్ గుంజట్లేదు, తొక్కితే నల్లపొగ: టర్బో మార్చాల్సిందేనా?

ఉప్పల్_డీజిల్:

అందరికీ నమస్కారం. బండి 2013 మోడల్ సెడాన్, 1248 సీసీ డీజిల్, 75 హార్స్‌పవర్. 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి అస్సలు గుంజట్లేదు.

ఊళ్లో ఒకటి, రెండు గేర్లలో పెద్ద తేడా తెలీదు. హైవే ఎక్కితే తెలుస్తోంది. నాలుగో గేరులో 60 నుంచి 90కి రావడానికి ఇంతకుముందు పట్టే టైముకి డబుల్ పడుతోంది. 2000 ఆర్‌పీఎం దగ్గర వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉండే ఆ ఊపు పూర్తిగా పోయింది. శ్రీశైలం రోడ్డులో లింగాలగట్టు నుంచి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు మూడో గేరు నిలవదు, రెండుకి దించాల్సిందే. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే వెనక నల్లపొగ. మైలేజీ 20 నుంచి 15–16కి పడింది.

బాగున్నవి: పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, ఐడ్లింగ్ నున్నగా ఉంది, ఇంజిన్ ఆయిల్ తగ్గట్లేదు, ఇంజిన్ లైటు వెలగలేదు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చి నాలుగు వేల కిలోమీటర్లే అయింది.

ఒక మెకానిక్ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) పోయింది, 38 వేలు అన్నాడు. ఇంకో మెకానిక్ నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) సర్వీసు చేయించమన్నాడు. ఏది ముందు చేయించాలి? నా దగ్గర బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివేది) ఉంది, ఈఎల్ఎం327 రకం. లోపం కోడ్ ఏమీ చూపించట్లేదు.

పానా_పట్టినోడు:

రెండూ ఇప్పుడే వద్దన్నా. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది.

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే పడుతోంది, ఐడ్లింగ్ నున్నగా ఉంది అంటే కంప్రెషన్, నాజిళ్లు, హైప్రెషర్ పంపు మీద అనుమానం బాగా తగ్గినట్టే. నాజిల్ కారుతుంటే చలి స్టార్టింగ్‌లో తెల్లపొగ వస్తుంది, ఐడ్లింగ్‌లో టకటక కొడుతుంది. టర్బో సీలు పోతే నీలిపొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది. మీకు ఆ రెండూ లేవు. నల్లపొగ అంటే డీజిల్ సరిపడా పడుతోంది, దానికి తగ్గ గాలి సిలిండర్‌కి చేరట్లేదు. డీజిల్ అందకపోయినా పవర్ పడిపోతుంది కానీ అప్పుడు నల్లపొగ రాదు. కాబట్టి వెతకాల్సింది గాలి దారిలో.

దానికంటే ముందు పది నిమిషాల పని. అసలు జబ్బు ఇంజిన్‌దేనా అని తేల్చుకోండి.

క్లచ్: నాలుగో గేరులో 40 స్పీడులో వెళ్తూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోయి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. లక్షన్నర దాటిన బండికి ఇది కొత్తేం కాదు.

బ్రేకు: పది కిలోమీటర్లు నడిపి, వీలైనంత తక్కువ బ్రేకుతో ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒక్క చక్రం మిగతావాటికంటే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. మైలేజీ పడిపోవడానికి ఇదీ ఒక కారణం.

మూడోది వింటే నవ్వుతారు. కాళ్ల కింద మందపాటి 7డీ మ్యాట్ వేయించారా? పెడల్ కింద ఆ మ్యాట్ అడ్డుపడితే మీ లెక్కలో పూర్తిగా తొక్కినట్టే, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్కలో ముప్పాతిక. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, స్కానర్‌లో పెడల్ పొజిషన్ చూస్తూ తొక్కండి. ఎంత వరకు వెళ్తుందో రాసుకోండి, తర్వాత మ్యాట్ తీసేసి మళ్లీ చూడండి.

ఈ మూడూ కాకపోతే బానెట్ ఎత్తండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో గాలిని చల్లబరిచేది) ఒకటి, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి ఒకటి రబ్బరు హోస్ పైపులు ఉంటాయి. నా అనుమానం వాటి మీదే. పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తాయి. పగులు ఎక్కువగా అడుగువైపు, క్లిప్పు అంచున వస్తుంది. లోపల ప్రెషర్ ఉన్నప్పుడే నోరు తెరుస్తుంది, ఇంజిన్ ఆపితే మూసుకుంటుంది. అందుకే కంటితో చూసి బాగుంది అంటే నమ్మొద్దు.

గాజువాక_కామన్‌రైల్:

పై మాటే నాదీ. 1248 సీసీ అంటే ఫియట్ మల్టీజెట్. మారుతి బళ్లలో డీడీఐఎస్, టాటా బళ్లలో క్వాడ్రాజెట్ పేరుతో వచ్చింది ఇదే. 75 హార్స్‌పవర్ రకంలో టర్బో ఫిక్స్‌డ్ జామెట్రీ (రెక్కలు కదలవు), వేస్ట్‌గేట్ (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకుని పొగని పక్కదారి పట్టించే తలుపు) మీద నడుస్తుంది. 90 హార్స్‌పవర్ రకంలో వేరియబుల్ (రెక్కలు కదులుతాయి). ఆ 90 బళ్లలో టర్బో రెక్కలకి మసి పట్టి బిగుసుకోవడం ఇంకో పెద్ద తలనొప్పి. మీకు ఆ బాధ లేదు.

స్కానర్ ఉంది కాబట్టి కోడ్ రాలేదని వదిలేయకండి. లైవ్ డేటాలో ఐదు అంకెలు చాలు: ఆర్‌పీఎం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో ఒత్తిడి), మాఫ్ (సెకనుకి ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోతోందో అది), రైల్ ప్రెషర్ (నాజిళ్లకి డీజిల్ పంచే పైపులో ఒత్తిడి), పెడల్. కొన్ని యాప్‌లలో కోరిన రైల్ ప్రెషర్, అసలు రైల్ ప్రెషర్ విడివిడిగా వస్తాయి. వస్తే రెండూ పెట్టుకోండి. లాగింగ్ ఆన్ చేసి నడపండి, నడుపుతూ ఫోను చూడొద్దు. పక్కన ఇంకొకరు ఉంటే మేలు.

మొదట ఇంజిన్ ఆపి తాళం ఆన్. మానిఫోల్డ్ ప్రెషర్ బయటి గాలి ఎంతో అంత చూపాలి. మా విశాఖలో 101 కిలోపాస్కల్ చుట్టూ ఉంటుంది, మీ హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి 95 దగ్గర రావాలి. ఇక్కడే 80 అనో 115 అనో చూపిస్తే సెన్సరే అబద్ధం చెబుతోందన్నమాట. దాని ముక్కుకి మసి పట్టి ఉంటుంది. విప్పి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి పెట్టండి, పిన్నుతో గుచ్చొద్దు.

తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద మూడో గేరు, 1500 ఆర్‌పీఎం నుంచి పెడల్ పూర్తిగా తొక్కి 3500 వరకు. ఒక్కసారి చాలు, రెండుసార్లు చేస్తే పోల్చుకోవడానికి బాగుంటుంది. ఈ సెన్సర్ చూపేది బయటి గాలితో కలిపిన మొత్తం ప్రెషర్. టర్బో బాగుంటే 2000–2500 దాటేసరికి 200 దరిదాపుల్లోకి రావాలి. ఐడ్లింగ్‌లో మాఫ్ కూడా రాసుకోండి.

ఈ అంకెలు పెట్టండి, టర్బో సంగతి అప్పుడు మాట్లాడదాం.

నల్లమల_రైడర్:

ఇంత తతంగం ఎందుకు? ఈజీఆర్‌కి (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) ప్లేటు వేసి మూసేయండి, పికప్ దానంతట అదే వస్తుంది. సైలెన్సర్ లోపల క్యాటలిస్ట్ (పొగని శుభ్రం చేసేది) తీయించేస్తే ఇంకా ఫ్రీ అవుతుంది.

పానా_పట్టినోడు:

నల్లమల అన్నా, ఏది పోయిందో తెలియకుండా మందెందుకు? ఈజీఆర్ మూసేస్తే చాలా బళ్లలో ఫ్లో తక్కువైందని పి0401 కోడ్ పడుతుంది. క్యాటలిస్ట్ పీకేయడం చట్టప్రకారం తప్పు. పైగా హోస్ చిరిగిన బండికి ఈ రెండూ చేసినా పొగ అలాగే ఉంటుంది. ఈజీఆర్ తెరుచుకుని బిగుసుకుంటే పవర్ పోతుందన్నది నిజమే. అది తేల్చడానికి వేరే పరీక్ష ఉంది, ముందు అంకెలు రానివ్వండి.

ఉప్పల్_డీజిల్:

చేశాను. క్లచ్ జారట్లేదు, చక్రాలు నాలుగూ ఒకేలా ఉన్నాయి. మ్యాట్ సంగతి నిజమే! మ్యాట్‌తో పెడల్ 81 శాతం దగ్గర ఆగిపోయింది, తీసేశాక 100. మ్యాట్ డిక్కీలో పడేశా. కానీ బండి అలాగే ఉంది, కాస్తంత తేడా అంతే.

ఇంజిన్ ఆఫ్, తాళం ఆన్: మానిఫోల్డ్ 95.
వేడి ఐడ్లింగ్, 850 ఆర్‌పీఎం: మానిఫోల్డ్ 96, మాఫ్ 3.4, రైల్ 280 బార్.
మూడో గేరు, పూర్తి పెడల్, 3000 ఆర్‌పీఎం దగ్గర: మానిఫోల్డ్ 135, మాఫ్ 58. రైల్ కోరినది 1180, ఉన్నది 1165 బార్.

రెండోసారి చేసినా ఇంచుమించు ఇవే.

గాజువాక_కామన్‌రైల్:

భలే అంకెలు పెట్టారు. 38 వేలు జేబులోనే ఉంచుకోండి.

ముందు రైల్. కోరింది 1180, ఉన్నది 1165. అంటే ఫిల్టరు, పంపు, రెగ్యులేటర్ తమ పని తాము చేస్తున్నాయి. నాజిళ్ల సర్వీసు అవసరం కనిపించట్లేదు.

ఇప్పుడు గాలి. ఒక చిన్న లెక్క చెబుతాను. ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన 1248 సీసీ నిండా గాలి పీలుస్తుంది. 3000 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 1500 సార్లు, అంటే 1872 లీటర్లు. మానిఫోల్డ్‌లో 135 కిలోపాస్కల్, ఇంటర్‌కూలర్ దాటాక 50 డిగ్రీల వేడి అనుకుంటే లీటరు గాలి 1.45 గ్రాములు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 85 శాతం వేసుకుంటే సెకనుకి సుమారు 38 గ్రాములు. ఈ ఇంజిన్‌కి ఒక సులువైన సూత్రం పెట్టుకోవచ్చు: ఆర్‌పీఎంని మానిఫోల్డ్ ప్రెషర్‌తో గుణించి 10,500తో భాగిస్తే సిలిండర్లలోకి పోయే గాలి గ్రాముల్లో వస్తుంది. పది శాతం అటూ ఇటూ. సీసీ మారితే ఆ 10,500 కూడా మారుతుంది, వేరే ఇంజిన్‌కి ఇదే వేసుకోకండి.

మీ మాఫ్ ఏమంటోంది? 58 గ్రాములు లోపలికి వచ్చాయంటోంది. సిలిండర్లకి చేరింది 38. మిగతా 20 గ్రాములు ఎటు పోయాయి? మాఫ్ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ పక్కన, టర్బోకి ముందు ఉంటుంది. ప్రెషర్ సెన్సర్ టర్బో తర్వాత, మానిఫోల్డ్ దగ్గర. ఈ రెండింటి మధ్యలో గాలి బయటికి పోతోంది. టర్బో గాలి పంపుతోంది, దారిలో కారిపోతోంది.

టర్బోనే చచ్చి ఉంటే, లేదా వేస్ట్‌గేట్ తెరుచుకుని బిగుసుకుంటే, మాఫ్ కూడా 38–40 దగ్గరే ఉండేది. రెండూ కలిసి తగ్గితే టర్బో, వేస్ట్‌గేట్, మూసుకుపోయిన క్యాటలిస్ట్, లేదా ఫిల్టర్ వైపు అడ్డు చూడాలి. ప్రెషర్ బాగుండి మాఫ్ ఒక్కటే తక్కువ చూపితే మాఫ్ సెన్సర్ మురికి, లేదా మాఫ్‌కీ టర్బోకీ మధ్య పైపు ఊడి అక్కడి నుంచి గాలి లోపలికి వస్తోంది. మీది ఈ రెండూ కాదు.

నల్లపొగకి కారణం కూడా ఇక్కడే ఉంది. పొగ రాకుండా ఎంత డీజిల్ పోయొచ్చో ఈసీయూ మాఫ్ చూసే లెక్క కడుతుంది. 58 గ్రాముల గాలి వచ్చిందనుకుని దానికి తగ్గ డీజిల్ పోస్తోంది, లోపల ఉన్నది 38కే. కాలని డీజిల్ మసి అయి వెనక నుంచి వస్తోంది. మీ మైలేజీ పోతున్నది కూడా అందులోనే.

ఇంకో మాట. ఇలాగే నడుపుతూ పోతే బాగున్న టర్బో నిజంగానే పోతుంది. వేస్ట్‌గేట్ తెరవడానికి ప్రెషర్ సిగ్నల్ వచ్చేది టర్బో గాలి వైపు నుంచే. హోస్ కారుతుంటే అక్కడ ప్రెషర్ కట్టదు, వేస్ట్‌గేట్ మూసుకునే ఉంటుంది, టర్బో చక్రం ఆపేవాడు లేక అతివేగంగా తిరుగుతుంది. హోస్ మార్చేదాకా ఘాట్ వద్దు, పెడల్ సగం దాటి తొక్కొద్దు.

పానా_పట్టినోడు:

ఇక కారుతున్న చోటు పట్టుకోవడం. మొదట తేలిక పద్ధతి. హోస్‌ల మీద, ఇంటర్‌కూలర్ మీద తడి నూనె, దానికి అంటుకున్న మట్టి ఎక్కడుందో టార్చి వేసి చూడండి. బ్రీతర్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే పైపు) నుంచి వచ్చే నూనె ఆవిరి పైపుల లోపల పలచగా పట్టి ఉండటం మామూలే, దానికి భయపడొద్దు. కానీ ఆ నూనె బయటికొచ్చి మట్టి పట్టిందంటే గాలి కూడా అక్కడి నుంచే వస్తోంది. బండి కిందికి వంగి, బంపర్ వెనక నుంచి కూడా చూడాలి. హోస్‌ని చేత్తో మెలిపెట్టి, క్లిప్పు అంచున వేలితో తడిమితే పగులు తగులుతుంది.

కనబడకపోతే సబ్బునీళ్ల పరీక్ష. హార్డ్‌వేర్ షాపులో టర్బో ఇన్లెట్ రబ్బరు సైజుకి సరిపడే పీవీసీ ఎండ్ క్యాప్ కొనండి. దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు విప్పి, ఈ క్యాప్‌ని టర్బో నోటి దగ్గరే క్లిప్పుతో బిగించండి. బ్రీతర్ పైపు కలిసే చోటికి ముందు పెట్టొద్దు, పెడితే ప్రెషరంతా క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగు గది) పోయి ఆయిల్ సీళ్లు తన్నుకొస్తాయి. ఆయిల్ మూత తీసి ఉంచండి. గేజ్ ఉన్న పంపుతో 10 పీఎస్ఐ, అంటే 0.7 బార్ వరకు మెల్లగా ఎక్కించండి. అంతకు మించొద్దు, క్యాప్‌కి ఎదురుగా ముఖం పెట్టొద్దు. ఊడితే రాయిలా తగులుతుంది.

ఏదో ఒక సిలిండర్‌లో వాల్వులు తెరిచి ఉంటాయి కాబట్టి సైలెన్సర్ నుంచి, ఆయిల్ మూత నుంచి కాస్త సుయ్‌మనడం మామూలు. మీరు వెతకాల్సింది బయట. స్ప్రే బాటిల్‌లో గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు హోస్‌ల మీద, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకుల మీద, మానిఫోల్డ్ ఓ-రింగు దగ్గర కొట్టండి. ఎలక్ట్రికల్ ప్లగ్గుల మీద పడనివ్వకండి. 20 గ్రాముల లీకు అంటే బుడగలు కాదు, నురగ ఎగిరిపోతుంది.

క్యాప్ పెట్టడానికి పైపు విప్పినప్పుడే టర్బో చక్రం కూడా చూసేయండి. ఇంజిన్ చల్లగా ఉండాలి. మధ్యలో ఉన్న నట్టు పట్టుకుని అటూ ఇటూ కదిపితే వెంట్రుకవాసి ఆట ఉంటుంది, అది ఆయిల్ బేరింగు స్వభావం. ముందుకీ వెనక్కీ మాత్రం ఆట ఉండకూడదు. రెక్కల అంచులు గోడకి రాసుకున్న గీతలు ఉండకూడదు. పైపు లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి రేస్ ఇవ్వడం మాత్రం చేయకండి. గుడ్డ ముక్కో వేలో లోపలికి లాక్కుంటుంది.

ఉప్పల్_డీజిల్:

దొరికింది! ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే హోస్, కింది వంపులో క్లిప్పు పక్కనే నాలుగు వేళ్ల పొడవు చీలిక. క్యాప్ దాకా పోనక్కర్లేదు, మెలిపెడితే నోరు తెరిచింది. టర్బో చక్రం చూశా, రెక్కలు బాగున్నాయి, ముందుకు వెనక్కి ఆట లేదు.

టైరు ట్యూబు ముక్క చుట్టి కేబుల్ టైలు బిగిస్తే నడుస్తుందా? లేక సిలికాన్ హోస్ వేసుకోమంటారా? అది జీవితాంతం వస్తుందంటున్నారు.

పానా_పట్టినోడు:

ట్యూబు చుట్టడం షాపు దాకా చేరడానికి పనికొస్తుంది, అంతే. లోపల నూనె ఉంటుంది కాబట్టి ట్యూబు రబ్బరు మెత్తబడి జారిపోతుంది.

సిలికాన్ విషయంలో ఒక మెలిక ఉంది. మామూలు సిలికాన్ నూనె ఆవిరికి తట్టుకోదు, కొన్నాళ్లకి చెమట పట్టినట్టు నూనె బయటికి ఊరుతుంది, మెత్తబడుతుంది. లోపలి పొర ఫ్లోరో సిలికాన్ అయితేనే టర్బో పైపుకి పనికొస్తుంది. అది అని తేలకపోతే కంపెనీ పార్టే వేయండి. పాత హోస్ మీద పార్ట్ నంబరు అచ్చు ఉంటుంది, దాంతోనే అడగండి. 75కీ 90కీ హోస్‌లు ఒకటే అనుకోవద్దు.

బిగించేటప్పుడు: పైపు మూతులు, హోస్ లోపలి అంచు గుడ్డతో నూనె లేకుండా తుడవండి. నూనె మీద బిగిస్తే ప్రెషర్‌కి జారి ఊడుతుంది. క్లిప్పు హోస్ అంచు నుంచి ఐదు మిల్లీమీటర్లు లోపలికి, మూతి మీద ఉన్న గట్టు దాటాక కూర్చోవాలి, గట్టు మీద కాదు. స్క్రూ క్లిప్పు అయితే చేతి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా, అంతే. రాచెట్ వేసి ఈడ్చితే ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ మూతి పగులుతుంది, అప్పుడు ఇంటర్‌కూలర్ కొనాలి. ఇంజిన్ ఊగినప్పుడు హోస్ దేనికీ రాసుకోకుండా చూసుకోండి. పాతది చీలిన చోటికి ఎదురుగా ఏదైనా బ్రాకెట్ అంచు ఉందేమో చూడండి. ఇంజిన్ మౌంటు కుంగితే కొత్త హోస్ కూడా అక్కడే చీలుతుంది.

ఉప్పల్_డీజిల్:

కంపెనీ హోస్ వేశాం. కుడివైపు ఇంజిన్ మౌంటు నిజంగానే కుంగింది, అదీ మార్చాం. కొత్త అంకెలు: మూడో గేరు, 3000 ఆర్‌పీఎం, మానిఫోల్డ్ 204, మాఫ్ 57. బండి కొత్తదానిలా పోతోంది, 2000 దగ్గర ఊపు తిరిగొచ్చింది, నల్లపొగ హైవేలో లేదు.

కానీ 1800 లోపల ఇంకా కాస్త మొద్దుగా ఉంది. సిగ్నల్ దగ్గర రెండో గేరులో తొక్కితే ఒక బొట్టు పొగ వదిలి అప్పుడు కదులుతోంది. ఐడ్లింగ్‌లో మాఫ్ ఇప్పటికీ 3.4.

గాజువాక_కామన్‌రైల్:

3000ని 204తో గుణించి 10,500తో భాగిస్తే 58. మీ మాఫ్ 57. లోపలికొచ్చిన గాలంతా సిలిండర్లకి చేరుతోంది. హోస్ సంగతి అయిపోయింది.

మిగిలింది ఐడ్లింగ్ అంకె. 850ని 96తో గుణించి భాగిస్తే 7.8. మీ మాఫ్ చూసేది 3.4 గ్రాముల తాజా గాలే. మిగతా చోటు నిండుతున్నది ఈజీఆర్ నుంచి తిరిగొచ్చే పొగతో. ఐడ్లింగ్‌లో ఈజీఆర్ కొంత తెరవడం మామూలే, కాబట్టి 3.4 చూసి వెంటనే తీర్పు ఇవ్వలేం. అసలు ప్రశ్న, మూసుకోమన్నప్పుడు మూసుకుంటోందా అన్నది.

పరీక్ష ఇది. ఇంజిన్ ఆపండి, ఈజీఆర్ ప్లగ్గు ఊడదీయండి, మళ్లీ స్టార్ట్ చేయండి. కరెంటు లేకపోతే లోపలి స్ప్రింగు వాల్వుని మూసేస్తుంది. మాఫ్ 7–8కి ఎగబాకితే వాల్వు మంచిది. 5 దగ్గర ఆగిపోతే మసి అడ్డుపడి పూర్తిగా మూసుకోవట్లేదు. తక్కువ ఆర్‌పీఎంలో టర్బో ఇంకా ఊదదు కాబట్టి ఈ లీకు అక్కడే గట్టిగా తెలుస్తుంది. ప్లగ్గు తీస్తే ఇంజిన్ లైటు వెలుగుతుంది, పని అయ్యాక స్కానర్‌తో చెరిపేయండి.

ఉప్పల్_డీజిల్:

ప్లగ్గు తీస్తే 5.1. అక్కడే నిలిచింది.

పానా_పట్టినోడు:

అయితే వాల్వు విప్పాల్సిందే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టండి. బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. వేడికి బిగిసిన బోల్టు తల తెగితే రోజు పని రెండు రోజులవుతుంది.

విప్పాక వాల్వుని మోటారు పైకి, రెక్క కిందికి ఉండేలా పట్టుకుని కార్బన్ క్లీనర్ కొట్టండి. ద్రవం మోటారులోకి దిగితే వాల్వు అక్కడితో సరి. పదినిమిషాలు నానబెట్టి పాత టూత్‌బ్రష్, వెదురు పుల్లతో గీకండి. వాల్వు కూర్చునే గట్టు మీద స్క్రూడ్రైవర్ వాడొద్దు, గీత పడితే ఎంత కడిగినా కారుతుంది. వేలితో నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే ఇంకా మసి ఉంది. రెండుసార్లు కడిగినా రాకపోతే స్ప్రింగు అలసిపోయింది, వాల్వు మార్చడమే.

మానిఫోల్డ్ నోటి దగ్గర ఉన్న మసిని గుడ్డతో, చెంచాతో పొడిగా తీయండి. అక్కడ క్లీనర్ డబ్బా ఖాళీ చేయకండి. లోపల నిలిచిన ద్రవాన్ని స్టార్ట్ అవగానే ఇంజిన్ డీజిల్‌లా తాగేసి తనంతట తాను రేస్ ఎక్కుతుంది. తాళం తీసినా ఆగదు, గాలి దారి మూస్తే తప్ప. గ్యాస్కెట్లు కొత్తవి వేయండి. పాతదానికి సీలెంట్ పూసి పెడితే ఎగ్జాస్ట్ వేడికి మాడిపోతుంది.

నల్లమల_రైడర్:

ఒప్పుకున్నా, ప్లేటు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క అనుమానం. నా తమ్ముడి బండి ఇదే ఇంజిన్. పవర్ లేదు కానీ పొగ కూడా లేదు. 3000 దాటితే తన్నుతుంది, ఆపి స్టార్ట్ చేస్తే పది నిమిషాలు బాగా పోతుంది. అదీ హోసేనా?

గాజువాక_కామన్‌రైల్:

పొగ లేదు, ఆపి స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. అది ఈసీయూ పవర్ కోసేస్తున్న లక్షణం, లింప్ మోడ్. రైల్ అంకెలు చూడండి. పూర్తి పెడల్‌లో కోరింది 1300 ఉండి ఉన్నది 900 దగ్గర తచ్చాడుతుంటే డీజిల్ అందట్లేదు. అప్పుడు పి0087 కోడ్ పడుతుంది. మొదట ఫిల్టర్. ఇరవై వేల కిలోమీటర్లకోసారి మార్చేయాలి, వానాకాలంలో అడుగున నీళ్లు వదలాలి. ఫిల్టరు మార్చినా అదే అయితే నాజిల్ రిటర్న్ పరీక్ష. నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులు విప్పి నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి, అసలు రిటర్న్ లైను మూసి, ఐదు నిమిషాలు ఐడ్లింగ్. నాలుగింట్లో సమానంగా ఉండాలి. ఒక్క సీసా మిగతావాటికంటే రెండు మూడింతలు నిండితే ఆ నాజిల్ రైల్ ప్రెషర్‌ని కారబెట్టేస్తోంది. ఆ ఒక్కటి మార్చి, దాని ఒంటి మీద చెక్కి ఉన్న కోడ్‌ని స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఐడ్లింగ్ తేడా కొడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పాత అంబాసిడర్ డీజిల్, ట్రాక్టర్ రోజుల్లోలాగా ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ కొట్టట్లేదో చూసే అలవాటు ఇక్కడ వద్దు. ఐడ్లింగ్‌లోనే 280 బార్. ఆ సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చూస్తే చీమ కుట్టినంతే ఉంటుంది, చెయ్యి పోతుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా ఆస్పత్రికే.

ఉప్పల్_డీజిల్:

ఈజీఆర్ కడిగి పెట్టాం, మసి అరగిన్నె వచ్చింది. ప్లగ్గు తీస్తే మాఫ్ ఇప్పుడు 7.6. ప్లగ్గు పెట్టి కోడ్ చెరిపాను, వేడి ఐడ్లింగ్‌లో 4.9. సిగ్నల్ దగ్గర రెండో గేరులో తొక్కితే పొగ లేదు.

పానా_పట్టినోడు:

బాగుంది. ఐదొందల కిలోమీటర్ల తర్వాత ఆ హోస్ క్లిప్పులు ఒకసారి మళ్లీ బిగించండి, కొత్త రబ్బరు వేడికి సర్దుకుని కాస్త వదులవుతుంది. మ్యాట్ మాత్రం డిక్కీలోనే ఉండనివ్వండి.